గ్రాస్‌లో కలిపిన సెంటు, కావలి ఎండ

ప్రశ్న: నేను కావలిలో ఉద్యోగం చేస్తున్నాను. నిరుడు మొదటిసారి ఒంటరిగా విదేశయానం చేసి, ఫ్రాన్సులోని గ్రాస్ పట్టణంలో ఒక పూట శిక్షణకు కూర్చుని, నిమ్మ, జాజి, దేవదారు వాసనలతో నాకోసం నేనే ఒక సెంటు కలుపుకున్నాను. ఆ 100 మిల్లీలీటర్ల సీసా తెచ్చుకుని రోజూ ఆఫీసుకు పూసుకుంటున్నాను. అక్కడ సాయంత్రం దాకా నిలిచిన వాసన ఇక్కడ గంటకే పోతోంది. మొదట్లో మూత తీయగానే గ్రాస్ వీధులు కళ్ళకు కట్టేవి. ఇప్పుడు ఆఫీసే గుర్తుకు వస్తోంది. సెంటు పాడైపోయిందా? మరో రెండు నెలల్లో బదిలీపై వెళ్తున్నాను కనుక, నెల్లూరు జిల్లా జ్ఞాపకంగా కూడా ఒకటి ఇంట్లో కలుపుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: మీ సెంటు పాడవలేదనే అనుకుంటున్నాను. ఏ సెంటులోనైనా తేలికగా ఆవిరయ్యేవి ముందు, బరువైనవి తరువాత బయటపడతాయి. మీ సీసాలో నిమ్మ మొదటి పావుగంట, అరగంటలో వెళ్ళిపోతుంది. జాజి కొన్ని గంటలు ఉంటుంది. దేవదారు చివరిదాకా అంటిపెట్టుకుంటుంది. వేసవిలో నలభై డిగ్రీలు దాటే మన ఎండకు ఈ వరుస అంతా తొందరపడుతుంది, దానికి చెమట తోడవుతుంది. స్నానం చేసి ఒళ్ళు పూర్తిగా ఆరిన తరువాత, మణికట్టు మీద కంటే నూలు బట్ట లోపలి అంచున ఒక్క చుక్క వేసి చూడండి. పట్టుచీర మీద మాత్రం వేయవద్దు, మరక పడుతుంది. సీసాను కిటికీ పక్కనో స్నానాలగదిలోనో కాక, దాని అట్టపెట్టెలోనే బీరువా అడుగు అరలో ఉంచండి. సగం ఖాళీ అయ్యాక చిన్న సీసాలోకి మార్చుకోవడం మంచిది, ఎందుకంటే ఖాళీలో చేరిన గాలి తగిలితే ముందుగా చెడేది నిమ్మ వాసనే.

అసలు చిక్కు రోజూ పూసుకోవడంలో ఉంది. వాసనను మోసుకుపోయే నాడులు జ్ఞాపకాలనూ ఉద్వేగాలనూ చూసే మెదడు భాగాలకు దగ్గరి దారిన చేరతాయి కనుకనే మీకు మూత తీయగానే ఆ వీధులు కనిపించాయి. అయితే అదే వాసనను నెలల తరబడి ఆఫీసు ఫైళ్ళ మధ్య పీల్చినప్పుడు, కొత్త జ్ఞాపకం పాతదాని మీద పేరుకుంటుంది. ఇకనైనా ఆ సీసాను ఆఫీసు పని నుంచి తప్పించి, ఏడాదికి నాలుగైదుసార్లు, ముఖ్యంగా మీరు గ్రాస్‌లో గడిపిన తేదీలలో, తీసి చూసుకోండి. ఆఫీసుకు వేరే సెంటు ఏదైనా సరిపోతుంది. శిక్షణలో ఏ తైలం ఎన్ని మిల్లీలీటర్లు పోశారో రాసిన కాగితం ఉంటే దాన్ని సీసా కంటే భద్రంగా దాచండి; సీసా అయిపోయాక ఆ కొలతలతోనే అక్కడ మళ్ళీ కలిపించుకోవచ్చు. మద్యసారం మండే పదార్థం కనుక సెంట్లు టపాలో తెప్పించుకోవడం కష్టం. ఆ వైపు వెళ్ళి వచ్చే తెలిసినవారు ఎవరైనా సామాన్ల పెట్టెలో తేవడమే సులువు.

ఒక ముచ్చట చెప్పాలి. గ్రాస్ ఒకప్పుడు తోళ్ళు పదును చేసే ఊరు. తోలు కంపు పోగొట్టడానికి చేతితొడుగులకు పరిమళం పట్టించడంతో అక్కడి వృత్తి ఊపందుకుంది. అక్కడ పండించే మల్లె నిజానికి మన జాజి జాతిదే. ఆ పరిమళ విద్యను యునెస్కో 2018లో వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇక మన జిల్లా సెంటు. మద్యసారం సంపాదించడానికి ఎక్సైజు నిబంధనలు అడ్డు వస్తాయి కనుక నూనెతో చేసుకోండి. 10 మిల్లీలీటర్ల రోలాన్ సీసాలో 9 మిల్లీలీటర్లు, గడ్డకట్టని రకం కొబ్బరినూనె పోసి, మట్టి అత్తరు 6 చుక్కలు, మల్లె అత్తరు 5, నిమ్మ 5, వట్టివేరు 4 చుక్కలు కలపండి. మట్టి అత్తరు ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో దొరుకుతుంది: కాల్చిన మట్టిని డేగులనే పెద్ద రాగి పాత్రలలో నీటితో మరిగించి, ఆ ఆవిరిని గంధపు నూనెలోకి పట్టిస్తారు. తొలకరికి పెన్నా ఒడ్డు పొలాల నుంచి లేచే వాసనకు ఇంతకంటే దగ్గరిది నాకు తెలియదు. చవకగా అమ్మే అత్తర్లలో గంధపు నూనెకు బదులు పారాఫిన్ ఉంటుంది, జాగ్రత్త. నిమ్మ మాత్రం ఆవిరి పట్టి తీసిన తైలమే కొనండి; పొదలకూరు నిమ్మకాయల తొక్కలు పిండి వాడాలని మనసు లాగినా వద్దు, ఎందుకంటే తొక్క పిండిన నూనె రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలి మచ్చలు పడవచ్చు. ముందుగా మోచేతి లోపల ఒక చుక్క రాసి ఒక రోజు చూడండి.

సీసాను రెండు వారాలు చీకట్లో ఉంచితే వాసనలు కలిసిపోతాయి. ఆ తరువాత దాన్ని బదిలీ రోజు కోసం దాచిపెట్టవద్దు. పూలమ్మే ఆమె మల్లెలు మూర వేసే సాయంత్రాలలో పూసుకుని బజారుకు వెళ్ళండి, ఒకసారి మైపాడు తీరానికి వెళ్ళి కూర్చోండి. ఊరు వదిలేలోగా అలా నాలుగైదుసార్లు వాడితేనే ఈ వాసనకు, ఈ నేలకు ముడి పడుతుంది.