బరువు తగ్గించే శస్త్రచికిత్స: డిపాజిట్ తీయాలా, బీమా కోసం ఆగాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. నా వయసు 39, ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 96 కిలోలు. ఆరేళ్లుగా మధుమేహం ఉంది. మందులు వాడుతున్నా హెచ్‌బీఏ1సీ (గత మూడు నెలల సగటు షుగర్‌ను చూపే రక్తపరీక్ష) 8.9 కంటే దిగడం లేదు. హైదరాబాద్‌లో చూపించుకుంటే స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ (జీర్ణాశయాన్ని చిన్నది చేసే ఆపరేషన్) చేయించుకొమ్మన్నారు. ప్యాకేజీ 4.5 లక్షల రూపాయలు. నెలాఖరులోగా కడితే 30 వేలు తగ్గిస్తామని, లేదంటే నాలుగేళ్ల వాయిదాలు ఏర్పాటు చేస్తామని ఆసుపత్రివారు అంటున్నారు. ఇద్దరి జీతాలు కలిపి నెలకు 1.30 లక్షలు చేతికొస్తాయి. ఇంటి రుణం వాయిదాతో సహా ఖర్చు 95 వేలు. 6 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. 14 నెలల కిందట 10 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ (కుటుంబమంతటికీ కలిపి ఒకే మొత్తం వర్తించే) ఆరోగ్య బీమా పాలసీ తీసుకున్నాం. మావారి కంపెనీ ఇచ్చే బృంద బీమా 5 లక్షలు. ఆయన వచ్చే ఏడాది ఉద్యోగం మారే ఆలోచనలో ఉన్నారు. అమ్మాయి పదో తరగతి చదువుతోంది. డిపాజిట్ తీసి ఆపరేషన్ చేయించుకోవాలా, బీమా వర్తించేదాకా ఆగాలా, కొత్తగా వచ్చిన ఇంజెక్షన్లు వాడి చూడాలా?

సమాధానం: శస్త్రచికిత్స మీకు అవసరమా, ఏ రకం చేయాలి అన్నవి మీ మధుమేహ వైద్యుడు, సర్జన్ కలిసి తేల్చవలసిన విషయాలు. డబ్బుకు సంబంధించినంతవరకు నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ ఖర్చును మీ కుటుంబం భరించగలదు, కానీ ఈ నెలాఖరులోగా మాత్రం కాదు. 30 వేల తగ్గింపు గడువు ఆసుపత్రి వ్యాపార అవసరం కోసం పెట్టినదే తప్ప మీ ఆరోగ్యాన్ని బట్టి పెట్టినది కాదు. బీమా సంస్థ నుంచి రాతపూర్వకంగా ఔననో కాదనో సమాధానం రాకముందే సొంత డబ్బు కట్టడం ఇలాంటి విషయాల్లో అన్నింటికంటే ఖరీదైన తొందరపాటు.

బీమా సంగతి కాస్త వివరంగా చూద్దాం. స్థూలకాయ శస్త్రచికిత్సకు బీమా ఎప్పుడు వర్తించాలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ప్రామాణికం చేసింది. వైద్యుడి సలహా మేరకే ఆపరేషన్ జరగాలి, వయసు 18 దాటాలి, బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువును చూపే సూచిక) 40 లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. 35 పైన ఉంటే, తేలికపాటి పద్ధతులు విఫలమైన తర్వాత, స్థూలకాయం వల్ల వచ్చిన గుండె కండర జబ్బు, గుండె ధమనుల జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడటం), అదుపులో లేని టైప్ 2 మధుమేహం వీటిలో ఏదో ఒకటి తోడై ఉండాలి. మీ బీఎంఐ సుమారు 38.5. అంటే బరువు ఒక్కటే చూపితే మీకు క్లెయిం రాదు. మీ దరఖాస్తు మొత్తం హెచ్‌బీఏ1సీ నివేదికల మీదే నిలబడుతుంది. మోకాళ్ల నొప్పి, ఫ్యాటీ లివర్ వంటివి సర్జన్ దృష్టిలో బలమైన కారణాలే అయినా బీమా జాబితాలో వాటికి చోటు లేదు. వైద్య సంఘాల మార్గదర్శకాలు ఆసియావాసులకు ఇంకా తక్కువ బీఎంఐ దగ్గరే శస్త్రచికిత్సను పరిశీలించవచ్చంటాయి కాబట్టి, డాక్టర్ రాసిచ్చారు గనుక బీమా వస్తుందని అనుకోకూడదు.

‘తేలికపాటి పద్ధతులు విఫలమైన తర్వాత’ అన్న షరతు దగ్గర చాలామంది క్లెయింలు చిక్కుకుంటాయి. ఆహార నియమాలు పాటించాను, నడిచాను అని నోటితో చెబితే సరిపోదు. డైటీషియన్ చీటీలు, తేదీలతో బరువు నమోదులు, మందులు మార్చిన ప్రిస్క్రిప్షన్లు, వరుస రక్తపరీక్షలు ఫైల్లో ఉండాలి. మీ దగ్గర ఇవి లేకపోతే ఈ రోజు నుంచే మొదలుపెట్టండి.

ఇక మీ సొంత ఫ్లోటర్ పాలసీ. ముందునుంచీ ఉన్న జబ్బులకు గరిష్ఠ వెయిటింగ్ పీరియడ్‌ను (క్లెయిం రావడానికి ఆగవలసిన కాలాన్ని) 2024 ఏప్రిల్ నుంచి 48 నెలల బదులు 36 నెలలకు తగ్గించారు. మీ పాలసీలో కూడా అదే గడువు ఉందనుకుంటే మరో 22 నెలలు ఆగాలి. ఇక్కడే ఒక ప్రశ్న అడగక తప్పదు: ప్రపోజల్ ఫారంలో మధుమేహం గురించి రాశారా? ‘అవన్నీ రాస్తే ప్రీమియం పెరుగుతుంది మేడమ్’ అని ఏజెంట్ చెబితే ఊరుకున్న కుటుంబాలు మన దగ్గర లెక్కలేనన్ని. రాయకపోతే క్లెయిం పోవడమే కాదు, పాలసీయే రద్దు కావచ్చు. ఇంటిల్లిపాదికీ ఉన్న రక్షణ పోతుంది.

కాబట్టి మీకు ఇప్పుడు అసలు ఆధారం మీవారి బృంద బీమా. ఇలాంటి పాలసీల్లో చాలావాటికి పాత జబ్బులపై వెయిటింగ్ పీరియడ్ ఉండదు, జీవిత భాగస్వామికీ వర్తిస్తుంది. అయితే కొన్ని కంపెనీలు స్థూలకాయ శస్త్రచికిత్సను పూర్తిగా మినహాయిస్తాయి, మరికొన్ని ఒక పరిమితి పెడతాయి. గది అద్దె పరిమితి దాటితే మిగతా బిల్లులోనూ ఆ నిష్పత్తిలో కోత పడవచ్చు. హెచ్‌ఆర్ వాళ్లు ‘అన్నీ కవరవుతాయి’ అని ఫోన్లో అంటే నమ్మకండి; పాలసీ పత్రం తెప్పించుకుని మీరే చదవండి. మీవారు ఆ ఉద్యోగం వదిలాక సాధారణంగా ఆ రక్షణ ఉండదు కనుక, బీమా అంగీకరిస్తే ఆపరేషన్, ఆ తర్వాతి మూడు నెలల పర్యవేక్షణ ముగిశాకే ఆయన ఉద్యోగం మారడం మంచిది.

ఇప్పుడు ప్యాకేజీలో కనిపించని లెక్క. స్లీవ్‌లో జీర్ణాశయంలో దాదాపు ముప్పాతిక భాగాన్ని శాశ్వతంగా తొలగిస్తారు. చాలామందికి మొత్తం శరీర బరువులో నాలుగో వంతు దాకా తగ్గుతుంది, మధుమేహం అదుపులోకి వస్తుంది, కొందరికి మందులే అవసరం ఉండదు. ప్రాణాపాయం అరుదు. కానీ కుట్ల దగ్గర లీకేజీ, రక్తస్రావం, కాళ్లలో రక్తం గడ్డకట్టడం వంటి చిక్కులు వచ్చి ఐసీయూలో ఉండవలసి వస్తే బిల్లు ప్యాకేజీని దాటిపోతుంది. ఆ పరిస్థితిలో ఎవరు ఎంత భరించాలో ముందే రాయించుకోండి. బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి మాత్రలు, ఏటా రక్తపరీక్షలు జీవితాంతం ఉంటాయి, వీటికి సాధారణ పాలసీ డబ్బు ఇవ్వదు. స్లీవ్ తర్వాత ఛాతీలో మంట ఎక్కువై మరో శస్త్రచికిత్స అవసరమయ్యేవారూ ఉన్నారు. వేలాడే చర్మాన్ని తీయించుకోవడం సౌందర్య చికిత్స కింద లెక్కకు వస్తుంది కాబట్టి ఆ ఖర్చు సాధారణంగా మీదే. వీటికోసం నెలకు 3 వేలు విడిగా పక్కన పెట్టమని నా సూచన. మధుమేహ మందుల ఖర్చు తగ్గుతుందన్న ఆశను మాత్రం బడ్జెట్‌లో వేసుకోవద్దు, తగ్గితే సంతోషం. కొంత బరువు, దానితో పాటు షుగర్, కొన్నేళ్లకు తిరిగి వచ్చినవారూ ఉన్నారు.

ఇంజెక్షన్ల విషయం. మధుమేహానికి, బరువు తగ్గడానికి వాడే మౌంజారో ఇంజెక్షన్ 2025 మార్చిలో మన దేశానికి వచ్చినప్పుడు 5 మిల్లీగ్రాముల వయల్ ధర 4,375 రూపాయలు. వారానికి ఒకటి చొప్పున నాలుగు వారాలకు 17,500, ఏడాదికి రెండు లక్షల పైమాటే. అంటే రెండేళ్లలో ఆపరేషన్ ఖర్చు దాటుతుంది. ఆపేస్తే బరువు చాలావరకు తిరిగి వస్తుంది. ఇలాంటిదే మరో మందు సెమాగ్లుటైడ్ పేటెంట్ మన దేశంలో 2026 మార్చితో ముగియడం వల్ల దేశీయ కంపెనీల జనరిక్‌లతో ఈ లెక్క మారుతుంది. ఆసుపత్రిలో చేరకుండా వాడే ఓపీ మందు కనుక మామూలు బీమా దీనికి రాదు. అయినా ఇది పనికిరాదని నేను అనను. మీ డాక్టర్ సరేనంటే, ఆపరేషన్‌కు ముందు కొన్ని నెలలు వాడి చూడటం ‘తేలికపాటి పద్ధతులు’ ప్రయత్నించినట్టు ఆధారంగానూ పనికొస్తుంది.

బృంద బీమా కాదంటే డబ్బు ఎక్కడి నుంచి? డిపాజిట్ నుంచి మొత్తం 4.5 లక్షలు తీస్తే మిగిలేది లక్షన్నర, అంటే ఒకటిన్నర నెల ఇంటి ఖర్చు. ఉద్యోగం మారబోతున్న ఇంట్లో అది చాలదు. ఆసుపత్రి వాయిదాలు 14 శాతం వడ్డీతో నాలుగేళ్లయితే నెలకు దాదాపు 12,300, వడ్డీయే 1.40 లక్షలు, పైగా అమ్మాయి ఇంటర్, ఆ తర్వాతి ప్రవేశాలు సరిగ్గా ఆ నాలుగేళ్లలోనే పడతాయి. వడ్డీ లేని వాయిదా అని చెప్పినా ప్రాసెసింగ్ రుసుములు అడిగి చూడండి.

మీ మిగులు నెలకు 35 వేలు. డాక్టర్ అభ్యంతరం లేదంటే ఐదు నెలలు ఆగండి. అప్పటికి 1.75 లక్షలు చేతికొస్తాయి, డిపాజిట్ నుంచి 2.75 లక్షలు తీసినా 3.25 లక్షలు మిగులుతాయి. మూడు నెలల పైచిలుకు ఖర్చుకు అవి సరిపోతాయి. అదే ఐదు నెలల్లో డైటీషియన్ రికార్డులూ సిద్ధమవుతాయి. కేవలం పాలసీ కోసం 22 నెలలు ఆగడాన్ని మాత్రం నేను సమర్థించను. 8.9 దగ్గర నిలిచిన షుగర్ ఆ కాలంలో కళ్లకు, మూత్రపిండాలకు చేయగల నష్టాన్ని ఏ బీమా తిరిగి ఇవ్వదు. ఐదు నెలలు కూడా వద్దని డాక్టర్ అంటే, లోటు మేరకు బంగారంపై రుణం తీసుకుని ఏడాదిలోగా తీర్చేయండి; పర్సనల్ లోన్ కంటే సాధారణంగా అదే చౌక.

ఆసుపత్రిలో చేరే ముందు బ్యాంకు, పీఎఫ్, పాలసీలన్నిటిలో నామినీ పేర్లు సరిచూసుకోండి. మీ పేరిట టర్మ్ పాలసీ (జీవిత బీమా) లేక కొత్తగా తీసుకోవాలనుకుంటే, దరఖాస్తులో ఈ ఆపరేషన్ ప్రతిపాదనను దాచకుండా రాయండి. కంపెనీ నిర్ణయం వాయిదా వేసినా అది దాచడం కంటే మేలు.

నగదు రహిత చికిత్స అభ్యర్థనను ఆపరేషన్‌కు కొన్ని రోజుల ముందే పంపించండి. ఐఆర్‌డీఏఐ 2024 ఆదేశాల ప్రకారం దానిపై బీమా సంస్థ గంటలోగా నిర్ణయం చెప్పాలి. తిరస్కరిస్తే కారణాన్ని ఏ నిబంధన కింద అన్నది రాతలో అడిగి, ముందు ఆ సంస్థ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, ఏడాదిలోపు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఫీజు ఉండదు, న్యాయవాదినీ పెట్టుకోనక్కర్లేదు.