పాత టీవీ, పాడైన ఫోన్లు: ఎవరి చేతికి ఇవ్వాలి?

ప్రశ్న: మా ఇంట్లో పాడైన సెల్‌ఫోన్లు, ఛార్జర్లు, వెనుక పెద్ద డబ్బా ఉండే పాత టీవీ పడి ఉన్నాయి. పాత సామాను కొనేవారికి ఇచ్చేస్తే రాగి, ఇనుము ఎలాగూ మళ్లీ వాడకంలోకి వస్తాయి కదా! ఇక పర్యావరణానికి జరిగే నష్టం ఏమిటి?
– ఒక పాఠకురాలు

జవాబు: లోహాలు తిరిగి వాడకంలోకి రావడం మంచిదే. నష్టమంతా వాటిని బయటికి తీసే పద్ధతిలో ఉంది. తీగల తొడుగును యంత్రంతో ఒలిచే వసతి లేనిచోట, వాటిని కట్టలుగా ఆరుబయట తగలబెట్టి రాగిని ఏరుకుంటారు. ఆ తొడుగు చాలావరకు పీవీసీ అనే ప్లాస్టిక్ కాబట్టి, అది అరకొరగా కాలినప్పుడు అందులోని క్లోరిన్ వల్ల డయాక్సిన్లు, ఫ్యూరాన్లు అనే విషపదార్థాలు పుడతాయి. పక్కనే ఉన్న రాగి ఆ రసాయన చర్యను మరింత పెంచుతుంది. ఇవి పొగతో పోయేవి కావు. బూడిదతోపాటు నేల మీద పడి, ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా ఉండి, అక్కడ మేసే పశువుల కొవ్వులోకి, వాటి పాలలోకి, కోళ్ల గుడ్లలోకి చేరతాయి.

సర్క్యూట్ బోర్డుల నుంచి బంగారం తీయడానికి వాడే గాఢ ఆమ్లాలను మురుగుకాలువలో పారబోస్తే, వాటిలో కరిగిన లోహాలు భూగర్భజలంలోకి దిగుతాయి. చైనాలోని గుయియు ఈ పనికి చాలాకాలం కేంద్రంగా ఉండేది. అక్కడి పిల్లల రక్తంలో సీసం ప్రమాదకర స్థాయిలో ఉన్నట్టు పరిశోధకులు గుర్తించారు. పొట్టకూటి కోసం ఆ పని చేసేవారినీ వారి పిల్లలనూ ఈ విషం అందరికంటే ముందుగా తాకుతోందన్న సంగతి మనం మరవకూడదు. 2022లో ప్రపంచంలో పోగుపడిన 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్తలో పద్ధతి ప్రకారం సేకరించి శుద్ధి చేసినట్టు లెక్కకు అందినది 22.3 శాతమే.

అందువల్ల ఫోన్లను, ఛార్జర్లను విప్పకుండా, అనుమతి ఉన్న రీసైక్లింగ్ సంస్థకు గానీ, పాతవాటిని వెనక్కి తీసుకునే తయారీ కంపెనీకి గానీ అప్పగించి రసీదు తీసుకోండి. అంతకుముందు ఫోన్‌లోని మీ సమాచారాన్ని పూర్తిగా చెరిపివేయండి. బ్యాటరీ మార్చితే పనిచేసే ఫోన్ అయితే బాగు చేయించుకోవడమే ఉత్తమం. ఫోన్ వల్ల కలిగే కాలుష్యంలో ఎక్కువ భాగం దాని తయారీలోనే జరుగుతుంది. ఉబ్బిన లిథియం బ్యాటరీ ఉంటే గుచ్చవద్దు, నొక్కవద్దు, చెత్తబుట్టలో వేయవద్దు. చెత్తబండిలో నలిగితే అది అంటుకునే ప్రమాదం ఉంది.

మీ టీవీ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. దాని గాజు గొట్టంలో కిలోల లెక్కన సీసం ఉంటుంది. ఆ గాజుకు ధర పలకదు కాబట్టి, చాలామంది లోపలి రాగి చుట్టను లాక్కుని గాజును పగలగొట్టి పారేస్తారు. కొన్ని రీసైక్లింగ్ సంస్థలు కూడా ఇలాంటి టీవీలను తీసుకోవు, లేదా రుసుము అడుగుతాయి. గాజును ఏం చేస్తారో ముందే అడిగి తెలుసుకుని, అవసరమైతే ఆ రుసుము చెల్లించి అయినా టీవీని పగలకుండా అప్పగించండి.