ఆఖరి రౌండులో లెక్కలు వేయకు

చిరంజీవి అమ్మలుకు విజయవాడ నుంచి మేనత్త ఆశీస్సులు.

ఇంజనీరింగు ఒక ఏడాది ఆపి, గ్రాండ్‌మాస్టర్ బిరుదుకు కావలసిన నార్మ్‌ల కోసం యూరప్ వెళ్లి ఆడతానంటున్నావని మీ అమ్మ చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి కాసేపు గర్వం, కాసేపు గుండెదడ. సత్యనారాయణపురంలో ఇంతమంది పిల్లలకు చదరంగం నేర్పినదాన్ని, మన ఇంటి పిల్ల గ్రాండ్‌మాస్టర్ కావాలని బయలుదేరితే వద్దని ఎలా అంటాను? వెళ్లు. కానీ నా మాటలు విని వెళ్లు.

యూరప్ దేశాలకిచ్చే షెంగెన్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండనివ్వరు, అది చూసుకుని టోర్నమెంట్లు ఎంచుకో. హాల్లోకి ఫోను తీసుకెళ్లకు. కందిపొడి, ఆవకాయ నేను కట్టిస్తాను. బస మాత్రం హాలు పక్కనే ఉండాలి. చలికాలంలో అక్కడ సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది, నీ ఆటలేమో ఐదు గంటలు సాగుతాయి. తెలియని ఊళ్లో చీకట్లో ఒక్కదానివీ నడిచి వస్తుంటావనుకుంటే ఇప్పటినుంచే నాకు నిద్ర పట్టడం లేదు. అద్దె ఎంత ఎక్కువైనా సరే, ఈ ఒక్క విషయంలో వాదించకు.

గ్రాండ్‌మాస్టర్ కన్నా కింది మెట్టైన మహిళా గ్రాండ్‌మాస్టర్ బిరుదు చాలని ఎవరైనా అంటే వినకు. గుడివాడలో పుట్టి మన బెజవాడలో పెరిగిన కోనేరు హంపి 2002లో, పదిహేనేళ్లకే, హంగేరీ అమ్మాయి జుడిత్ పోల్గార్ రికార్డు దాటి, ఆడపిల్లల్లో అప్పటికి అందరికంటే చిన్న వయసులో గ్రాండ్‌మాస్టర్ అయింది. మీ గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక 2011లో అయింది. ఆ తరువాత దేశంలో మరో అమ్మాయి, చెన్నై వైశాలి, గ్రాండ్‌మాస్టర్‌కు కావలసిన 2500 రేటింగు దాటేసరికి 2023 వచ్చింది. ఎంత కష్టమైన దారో నీకే తెలుసు. మూడు నార్మ్‌లు కావాలి, ఒక్కోదానికి మామూలుగా తొమ్మిది ఆటల్లో 2600 స్థాయి ప్రదర్శన ఉండాలి. అందుకే నా అసలు భయం అక్కడుంది. ఏడో రౌండు దాటేసరికి హాల్లో అందరూ డ్రాకు వచ్చే అర పాయింట్లు లెక్కపెట్టుకుంటూ ఉంటారు.

నా దగ్గర నేర్చుకున్న ఒక పిల్ల సంగతి చెబుతాను. నీకంటే చాలా ముందుది. పేరు రాయను. రాష్ట్రస్థాయి పోటీలో ఆఖరి రౌండు. గెలిచినా, డ్రా అయినా జాతీయ పోటీలకు ఎంపికైపోతుందని వాళ్ల నాన్న రాత్రంతా కూర్చుని కాగితం మీద తేల్చాడు. మంచి మనిషి. పిల్ల ప్రయాణాలకు అప్పులు కూడా చేశాడు. పొద్దున హాలు గుమ్మం దగ్గర, "ఎదుటివాళ్లు డ్రా అడిగితే ఒప్పేసుకో తల్లీ" అని చెప్పి లోపలికి పంపాడు.

పిల్ల అద్భుతంగా ఆడింది. ఏనుగులు, బంట్లే మిగిలిన ఆఖరి దశ, ఎండ్‌గేమ్‌లోకి వచ్చేసరికి ఒక బంటు ఎక్కువ, రాజు ముందుకొచ్చి నిలబడ్డాడు, ఎదుటి అమ్మాయికి గడియారంలో సమయం అయిపోతోంది. ఆ అమ్మాయి ఎత్తు వేసి, డ్రా అడిగి, గడియారం నొక్కింది. మన పిల్ల బోర్డు వంక చూడలేదు. తలుపు వంక చూసింది. అక్కడ నాన్న లేడు, తల్లిదండ్రులను బయటికి పంపేశారు. అయినా ఆయన మాట అక్కడే ఉంది కదా. చెయ్యి చాచేసింది.

ఇంకో గంటలో పక్క బోర్డుల మీద ఇద్దరు గెలిచి సమానమయ్యారు. సమానమైనవాళ్లలో ఎవరు ముందో తేల్చే టైబ్రేక్‌కు బుచోల్జ్ చూశారు. అంటే మనం ఎవరెవరితో ఆడామో వాళ్ల పాయింట్లన్నీ కూడడం. అందులో మన చేతిలో ఉండేది ఏమీ లేదు. ఎప్పుడో రెండో రౌండులో మన చేతిలో ఓడినవాడు ఆ తరువాత నాలుగు ఆటలు పోగొట్టుకుంటే మన స్థానం పడిపోతుంది. పిల్ల ఎంపిక కాలేదు. తండ్రి తిట్టలేదు, మరుసటి వారమే కొత్త టోర్నమెంటుకు డబ్బు కట్టాడు. కానీ ఆ పిల్ల ఆట మారిపోయింది. గెలవాల్సిన స్థితిలో లేచి పక్క బోర్డులు చూసి వచ్చేది. పదిహేనో ఎత్తుకే తనే డ్రా అడిగేది. ఇంటర్ అయ్యాక మానేసింది. ఇప్పుడు మంచి ఉద్యోగంలో ఉంది. ఎప్పుడు కలిసినా, ఆ ఎండ్‌గేమ్‌లో తను వేయాల్సిన ఎత్తు నాకు చెబుతుంది. నాకు కడుపు తరుక్కుపోతుంది.

2024లో న్యూయార్క్‌లో జరిగిన మహిళల ప్రపంచ ర్యాపిడ్, అంటే తక్కువ సమయంలో ఆడే ఆటల పోటీలో హంపి మొదటి ఆటే ఓడిపోయింది. ఆఖరి రౌండుకు ముందు ఏడుగురు ఏడున్నర పాయింట్లతో సమానంగా ఉన్నారు. ఆ ఏడుగురిలో ఆఖరి ఆట గెలిచింది ఆమె ఒక్కతే, అదీ నల్లపావులతో. ముప్పై ఏడేళ్ల వయసులో రెండోసారి ప్రపంచ ర్యాపిడ్ విజేత అయింది. ఆ ఆట తీసి ఎత్తు ఎత్తుగా చూడు.

మీ నాన్న ఉద్యోగానికి సెలవు పెట్టి నీ వెంట వస్తానంటున్నాడట. హంపి నాన్న కోనేరు అశోక్ గారు అధ్యాపక ఉద్యోగం వదిలేశారు కదా అని నాకే ఉదాహరణ చెప్పాడు. అశోక్ గారు స్వయంగా ఆటగాడు, ఆమె గురువు. మా తమ్ముడికి నిన్ను ప్రేమించడం వచ్చు, పాయింట్లు కూడడం వచ్చు. వాడిని ఇంట్లోనే ఉండమను. నువ్వు చెప్పలేకపోతే నేను చెబుతాను. రౌండు ముందు వాడి ఫోను ఎత్తకు, ఆట అయ్యాక అన్నం తిని మాట్లాడు.

పెళ్లి గురించి ఇంకెవరైనా ఇప్పుడే సణిగితే నా దగ్గరికి పంపించు. హంపికి 2017లో పాప పుట్టింది, 2019లో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ గెలిచింది. హారిక 2022 చెన్నై ఒలింపియాడ్‌లో నిండు గర్భిణిగా ఆడి జట్టుతో కాంస్యం తెచ్చింది. వాళ్లకు ఇవి చెప్పి పంపుతాను.

మొదటి టోర్నమెంటు బస ఖర్చు నాది. వద్దనకు తల్లీ, నాకు ఇంతకంటే ఖర్చులేమున్నాయి? ఆదివారం బ్రాడీపేట వస్తున్నాను. నువ్వు ఓడిపోయిన ఆటల స్కోరు షీట్లన్నీ తీసి పెట్టు, ముఖ్యంగా గెలిచే స్థితిలో డ్రా ఒప్పుకున్నవి. భోజనం కాగానే కూర్చుందాం.

నీ మేనత్త