ఒడిశాలోని బరంపురంలో పాత ఇంటిపై మేడ వేయడానికి మళ్ళీ ప్లాన్ అనుమతి కావాలా?

కావాలి. పాత ప్లాన్‌లో గీసి ఉన్నంత వరకే పాత అనుమతి చెల్లుతుంది. మేడకు బరంపురం డెవలప్‌మెంట్ అథారిటీ దగ్గర కొత్తది తీసుకోవాలి. అంతస్తు పెరిగితే ఎత్తు, మొత్తం నిర్మాణ వైశాల్యం, చుట్టూ వదలాల్సిన ఖాళీ అన్నీ మళ్ళీ లెక్కలోకి వస్తాయి. సున్నాలు, గచ్చు, లోపలి మరమ్మతులకు ఈ తంతు లేదు.

ఎక్కువమంది చిక్కుకునేది మెట్ల దగ్గరే. ప్లాన్‌లో పక్క ఖాళీ 1.5 మీటర్లు చూపించి, తర్వాత అందులోనే 90 సెంటీమీటర్ల మెట్లు బయటి నుంచి కడితే మిగిలేది 60. గదులు ఎంత సవ్యంగా ఉన్నా, ఆ మెట్లు అతిక్రమణే.

దరఖాస్తుకు ముందు పట్టాలో ‘కిసమ్’, అంటే భూమి రకం, చూసుకోండి. ‘ఘరబారి’ అంటే ఇంటి స్థలం. ‘శారద’ అంటే ఇంకా సాగుభూమే. ముందు తహసీల్దారు దగ్గర మార్పిడి చేయించుకోవాలి. ఇది వదిలేసి ఇంజనీరుతో ప్లాన్ గీయించడం దండగ.

హోల్డింగ్ టాక్స్ (ఇంటి పన్ను) కడుతున్నాం, కరెంటు మీటరుంది, కాబట్టి కట్టడం సక్రమమే అనుకుంటారు చాలామంది. కట్టడం ఉంటే చాలు పన్ను పడుతుంది, రసీదు అనుమతి పత్రం కాదు.