చిక్కుడు పాదు పీకొద్దండీ
సంక్రాంతికి ఇరవై రోజులే ఉంది, ఇంటికి అందరూ వస్తారు, చిక్కుడు పూతంతా నల్లటి పురుగు పట్టేసింది, పీకేయాలా అన్నారు కదా, పీకొద్దు. అది పేనుబంక, అంటే లేత చిగుళ్ల రసం పీల్చే చిన్న పురుగు. మా విజయనగరంలో పెరటి పాదుకి ఏటా మంచు మొదలవగానే ఇదే గోల. బాగా పట్టేసిన చిగుళ్లు తుంచి పారేసి, మిగతా తీగ మీద, ఆకుల అడుగున కూడా, పైపుతో నీళ్లు గట్టిగా కొట్టండి. తర్వాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి వారానికోసారి సాయంత్రం పూట పిచికారీ చేయండి (నేనోసారి తొందరపడి మిట్టమధ్యాహ్నం కొడితే ఆకులు మాడిపోయాయి). పందిరి రాటల మీద చీమలు పాకుతున్నాయేమో చూడండి, ఈ పేను వదిలే తీపి బంక కోసం దాన్ని కాపాడేది అవే. యూరియా మాత్రం ఇప్పుడు వేయకండి, లేత చిగురొచ్చి ఇంకా పెరుగుతుంది. పండక్కి గంపెడు కాయకపోయినా వంకాయలో కలిపి వండుకునేంత రావొచ్చు.