టెక్ సందేహాలు: జీఆర్‌ఈ మాక్ టెస్టుల్లో ఏ స్కోరును నమ్మాలి?

ఈ వారం వచ్చిన సందేహాల్లో ఎక్కువ భాగం జీఆర్‌ఈ (విదేశాల్లో పీజీ ప్రవేశాలకు రాసే పరీక్ష) మాక్ టెస్టుల గురించే. అందుకే ఈసారి శీర్షిక మొత్తం మాక్ టెస్టులకే కేటాయిస్తున్నాను.

బీటెక్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఒక యాప్‌లో రాసిన మాక్ టెస్టులో 318 వచ్చింది, మరో సైట్‌లో 304 వచ్చింది. ఏది నమ్మాలి? స్నేహితుడు టెలిగ్రామ్‌లో ఒక పెద్ద పీడీఎఫ్ కట్ట పంపాడు. వాటితో సరిపోతుందా? (విజయవాడ నుంచి ఒక పాఠకుడు)

రెండింటిలో ఏదీ మీ అసలు స్కోరు కాదు. జీఆర్‌ఈలో సరైన జవాబులు లెక్కపెట్టి నేరుగా మార్కులు వేయరు. వెర్బల్ (ఇంగ్లీష్)లో రెండు సెక్షన్లు, క్వాంట్ (గణితం)లో రెండు సెక్షన్లు ఉంటాయి. మొదటి సెక్షన్ ఎంత బాగా రాశారన్న దాన్నిబట్టి రెండోది తేలికగానో కష్టంగానో వస్తుంది. ఆ తేడాను సర్దుబాటు చేసి వెర్బల్‌కు, క్వాంట్‌కు విడివిడిగా 130 నుంచి 170 మధ్య స్కోరు ఇస్తారు. మీరు చెప్పిన 318, 304 ఆ రెండింటి మొత్తం. ఆ లెక్క పరీక్ష నిర్వహించే ఈటీఎస్‌ది. ప్రైవేటు సైట్లు తమ ప్రశ్నలకు తమ అంచనాతో స్కోరు కడతాయి. కాబట్టి ఒకే సైట్‌లో కొన్ని వారాల తేడాతో రాసిన రెండు టెస్టులను పోల్చుకోండి, అందులో అర్థం ఉంది. రెండు వేర్వేరు సైట్ల స్కోర్లను పక్కపక్కన పెట్టుకుని దిగులు పడటం అనవసరం.

అసలు పరీక్షకు అన్నిటికన్నా దగ్గరగా ఉండేవి ఈటీఎస్ వెబ్‌సైట్‌లోని పవర్‌ప్రెప్ ఆన్‌లైన్ టెస్టులు. ఖాతా తెరిస్తే రెండు ఉచితంగా రాయవచ్చు. డబ్బు కట్టి తీసుకునే పవర్‌ప్రెప్ ప్లస్ టెస్టుల్లో, పరీక్షలో భాగంగా రాసే ఇంగ్లీష్ వ్యాసానికి కూడా స్కోరు ఇస్తారు. ఉచితంగా దొరికినవి కదా అని ఆ రెండింటినీ మొదటి వారంలోనే రాసేయకండి. ఒకటి ఇప్పుడు రాసి మీ స్థాయి తెలుసుకోండి. రెండోది పరీక్షకు రెండు వారాల ముందు వరకు తెరవకండి. ఒకసారి చూసిన ప్రశ్నలు మళ్లీ వస్తే స్కోరు పెరుగుతుంది, కానీ అది జ్ఞాపకశక్తి తెచ్చిన స్కోరు. మధ్యలో సాధనకు ప్రైవేటు సైట్ల సెక్షన్ టెస్టులు చాలు.

ఇక పీడీఎఫ్‌లు. 2023 సెప్టెంబర్ 22 నుంచి జీఆర్‌ఈని కుదించారు. అంతకుముందు 3 గంటల 45 నిమిషాలు ఉండేది, ఇప్పుడు 1 గంట 58 నిమిషాలే. రెండు వ్యాసాల బదులు ఒకటే, 30 నిమిషాల్లో రాయాలి. మధ్యలో విరామం లేదు. వెర్బల్‌లో మొదట 12 ప్రశ్నలకు 18 నిమిషాలు, తర్వాత 15 ప్రశ్నలకు 23 నిమిషాలు ఇస్తారు. క్వాంట్‌లో 12 ప్రశ్నలకు 21, 15 ప్రశ్నలకు 26 నిమిషాలు. మీ స్నేహితుడు పంపిన పీడీఎఫ్‌లో సెక్షన్‌కు 20 ప్రశ్నలు కనిపిస్తే అది పాత పద్ధతిది. అయినా పారేయనక్కరలేదు. ప్రశ్నకు దక్కే సగటు సమయం అప్పటికీ ఇప్పటికీ దాదాపు ఒకటే. క్వాంట్ సెక్షన్‌లో మొదటి 12 ప్రశ్నలు తీసుకుని ఫోన్‌లో 21 నిమిషాలకు టైమర్ పెట్టుకుంటే మంచి సాధన అవుతుంది. మీ జవాబులను బట్టి కష్టాన్ని పెంచడం, తగ్గించడం మాత్రం పీడీఎఫ్‌కు చేతకాదు.

ఒక హెచ్చరిక. ఆ కట్టలో ‘మొన్నటి పరీక్షలో వచ్చిన అసలు ప్రశ్నలు’ అనే ఫైలు ఉంటే తెరవకండి. అలాంటివాటి జోలికి వెళ్లినవారి స్కోరును రద్దు చేసే అధికారం ఈటీఎస్‌కు ఉంది. ఏపీకే ఫైలు (ప్లే స్టోర్‌తో పని లేకుండా ఆండ్రాయిడ్ యాప్‌ను ఎక్కించే ఫైలు) ఉంటే అసలే ఇన్‌స్టాల్ చేయకండి. బ్యాంకు యాప్ ఉన్న ఫోన్‌లోకి ఊరూపేరూ లేని యాప్‌ను ఎక్కించడం ప్రమాదం.

నాకు ల్యాప్‌టాప్ లేదు. మాక్ టెస్టులన్నీ ఫోన్‌లోనే రాస్తున్నాను. ఇబ్బందేమైనా ఉంటుందా? (వరంగల్)

పదాలు నేర్చుకోవడానికి, ఒక్కో ప్రశ్న సాధన చేయడానికి ఫోను బాగానే పనికొస్తుంది. పూర్తి టెస్టులు మాత్రం కంప్యూటర్ మీదే రాయండి. కళాశాల ల్యాబ్‌లోనో, స్నేహితుల దగ్గరో నాలుగైదు సార్లు రెండేసి గంటలు దొరికినా చాలు.

కారణం చెబుతాను. పరీక్షలో కాలిక్యులేటర్ తెర మీదే ఉంటుంది, మన సొంతది వాడనివ్వరు. అందులో కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, వర్గమూలం, బ్రాకెట్లు, మెమొరీ తప్ప ఇంకేమీ ఉండవు. అంకె జవాబు నింపాల్సిన ప్రశ్న వచ్చినప్పుడు ‘ట్రాన్స్‌ఫర్ డిస్‌ప్లే’ అనే బటన్ నొక్కితే కాలిక్యులేటర్‌లోని సంఖ్య నేరుగా జవాబు గడిలోకి వెళ్తుంది. జవాబును ఒక దశాంశ స్థానానికి సవరించమని ప్రశ్నలో ఉంటే, మీరు అలాగే పంపిన పొడవాటి సంఖ్య తప్పవుతుంది. ఇలాంటివి మౌస్ పట్టుకుని చేస్తేనే అలవాటవుతాయి.

వ్యాసం సంగతి కూడా అంతే. పరీక్షలో ఇచ్చే ఎడిటర్‌లో అక్షరదోషాలు చూపించే సదుపాయం లేదు. కట్, పేస్ట్, అన్‌డూ మాత్రమే ఉంటాయి. ఇంట్లో వర్డ్‌లో రాస్తే తప్పుల కింద ఎర్ర గీత వస్తుంది కాబట్టి మన స్పెల్లింగ్ ఎంత బలహీనమో తెలియదు. నోట్‌ప్యాడ్‌లో రాయండి. విండోస్ 11లోని కొత్త నోట్‌ప్యాడ్‌కు కూడా స్పెల్ చెక్ చేర్చారు, దాని సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆపేయండి.

గేట్ (ఎంటెక్ ప్రవేశ పరీక్ష) రాస్తున్నాను. సొంత సైంటిఫిక్ కాలిక్యులేటర్‌తో సాధన చేయవచ్చా? (కర్నూలు)

వద్దు. గేట్‌లో తెర మీదే వర్చువల్ సైంటిఫిక్ కాలిక్యులేటర్ ఇస్తారు. మీటలను మౌస్‌తో వెతుక్కుంటూ నొక్కడానికి చేతి కాలిక్యులేటర్ కన్నా ఎక్కువ సమయం పడుతుంది. గేట్ అధికారిక వెబ్‌సైట్‌లోని మాక్ టెస్టుల్లో దాన్ని ఇప్పటి నుంచే వాడండి.

వారానికి రెండు పూర్తి మాక్ టెస్టులు రాస్తున్నాను. మూడు నెలలుగా స్కోరు కదలడం లేదు. ఇంకా మంచి యాప్ ఏదైనా చెప్పండి. (తిరుపతి)

యాప్ మార్చకండి, టెస్టులు తగ్గించండి. టెస్టు మీ లోపాన్ని చూపిస్తుంది, దాన్ని సరిచేసేది ఆ తర్వాత మీరు చేసే పని. రెండు గంటలు టెస్టు రాస్తే మూడు గంటలు దాన్ని విప్పి చూడటానికి పెట్టండి. దీనికి కావలసింది గూగుల్ షీట్స్‌లో ఒక ఫైలు, అంతే.

తేదీ, టెస్టు పేరు, సెక్షన్, ప్రశ్న సంఖ్య, అంశం, పట్టిన సమయం, కారణం అని ఏడు నిలువు వరుసలు పెట్టండి. ‘కారణం’ వరుసకు డేటా వాలిడేషన్ అనే సదుపాయంతో, నొక్కి ఎంచుకునే డ్రాప్‌డౌన్ జాబితా ఇవ్వండి: విషయం తెలియదు, ప్రశ్న తప్పుగా చదివాను, లెక్క తప్పింది, సమయం చాలలేదు, ఊహించి పెట్టాను. సొంత మాటల్లో రాసుకుంటూ పోతే తర్వాత లెక్క తీయలేరు, జాబితా ఉండాల్సిందే. ఊహించి పెట్టగా ఒప్పయిన ప్రశ్నలను కూడా తప్పుల్లోనే చేర్చండి. అవి దాక్కున్న తప్పులు.

ఒక ఉదాహరణ. ఒక సంఖ్య వర్గం 16. ఆ సంఖ్య పెద్దదా, 4 పెద్దదా? చాలామంది ‘రెండూ సమానం’ అని పెడతారు. ఆ సంఖ్య మైనస్ 4 కూడా కావచ్చు కాబట్టి ‘చెప్పలేము’ అన్నది సరైన జవాబు. దీన్ని ‘లెక్క తప్పింది’ అని నమోదు చేస్తే ప్రయోజనం లేదు. అంశం దగ్గర ‘రుణ సంఖ్యలు’ అని, కారణం దగ్గర ‘ప్రశ్న తప్పుగా చదివాను’ అని పెట్టండి. నాలుగు టెస్టుల తర్వాత పివట్ టేబుల్ (ఏ రకం తప్పులు ఎన్నో లెక్కగట్టి చూపే పట్టిక) వేసి, అంశాన్ని అడ్డు వరుసల్లో, కారణాన్ని నిలువు వరుసల్లో పెట్టి చూడండి. ఎక్కువ తప్పులు రెండు మూడు గడుల్లోనే పోగుపడితే ఆ వారమంతా వాటి మీదే కూర్చోండి. చివర మరో నిలువు వరుస చేర్చి, తేదీకి 7 కలిపే ఫార్ములా ఇవ్వండి. ఆ రోజున అదే ప్రశ్నను వివరణ చూడకుండా మళ్లీ చేయాలి.

చాట్‌బాట్‌లతో మాక్ టెస్టులు తయారు చేయించుకోవచ్చా? (కాకినాడ)

అర్థం కాని పరిష్కారాన్ని విడమరిచి చెప్పించుకోవడానికి అవి బాగుంటాయి. ప్రశ్నపత్రం తయారు చేయమంటే మాత్రం తప్పు ‘కీ’ (జవాబుల పట్టిక) ఇచ్చే ప్రమాదం ఉంది, అదీ ఎంతో ధీమాగా. వ్యాసం విషయంలో ఒక మంచి దారి ఉంది. పరీక్షలో రాగల వ్యాసాంశాల జాబితా మొత్తాన్ని ఈటీఎస్ తన వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టింది. అందులో ఒకటి తీసుకుని మీరే రాసి, వాదనలో ఎక్కడ లోపం ఉందో చాట్‌బాట్‌ను అడగండి. అది ఇచ్చే స్కోరును పట్టించుకోకండి. అది రాసిచ్చిన పేరాలను బట్టీ పట్టకండి, వ్యాసాల మధ్య పోలికలను పట్టే సాఫ్ట్‌వేర్‌ను ఈటీఎస్ వాడుతోంది.

ఇంటి నుంచే జీఆర్‌ఈ రాస్తాను. మాక్ టెస్టు రాసేటప్పుడే ఏమేం సరిచూసుకోవాలి? (హైదరాబాద్)

హెడ్‌సెట్ పెట్టుకోనివ్వరు, రెండో మానిటర్ ఉండకూడదు, టాబ్లెట్ మీద రాయనివ్వరు. రఫ్ పని చెరిపేయగల చిన్న వైట్‌బోర్డు మీద గానీ, పారదర్శక కవరులో పెట్టిన కాగితం మీద మార్కర్‌తో గానీ చేయాలి. కాగితం మీద పెన్నుతో లెక్కలు వేసే చేతికి అది మొదట్లో చాలా చిరాకుగా ఉంటుంది కాబట్టి, చివరి నాలుగు టెస్టులు వైట్‌బోర్డు మీదే చేయండి. కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, రౌటర్ ఆగిపోతుంది. దానికి చిన్న యూపీఎస్ కొనండి. మీ ల్యాప్‌టాప్ కంపెనీ ఇచ్చినదైతే ఈటీఎస్ ప్రత్యేక బ్రౌజర్‌ను ఇన్‌స్టాల్ చేయడానికి అనుమతి ఉండకపోవచ్చు. స్లాటు తీసుకోక ముందే ఆ సంగతి తేల్చుకోండి.