రాజ్మా పడలేదని పప్పులన్నీ మానేయాలా?

ప్రశ్న: నా వయసు 52. శాకాహారిని. ఆరేళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. నెల క్రితం రాజ్మా రాత్రంతా నానబెట్టి, పొద్దున కొంచెం ఉడికించి సలాడ్‌లో కలుపుకుని తిన్నాను. గింజ ఇంకా పలుకుగానే ఉంది. రెండు గంటలు గడిచేసరికి విపరీతమైన వాంతులు, ఆ తర్వాత విరేచనాలు. సాయంత్రానికి తగ్గిపోయాయి. ఎందుకిలా అయిందని యూట్యూబ్‌లో చూస్తే, లెక్టిన్లనే విషం వల్లేనని, పప్పులు, టమాటా, వంకాయ, గోధుమ అన్నింటిలోనూ అది ఉంటుందని చెప్పారు. అప్పటి నుంచి అన్నం, పెరుగు, ఆకుకూరలతో సరిపెట్టుకుంటున్నాను. బాగా నీరసంగా ఉంటోంది. ఇంకో వీడియోలో అవే లెక్టిన్లు క్యాన్సర్‌కు మందు అంటున్నారు. ఏది నమ్మాలి?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు ఈ పూట పప్పు వండుకోండి. మీ నీరసానికి పప్పు మానేయడం కూడా ఒక కారణం కావచ్చు.

మీరు రాసిన లక్షణాలు, అవి మొదలైన సమయం, తగ్గిన తీరు చూస్తే సరిగ్గా ఉడకని రాజ్మా వల్లే అయ్యాయనిపిస్తోంది. పచ్చి రాజ్మాలో ఫైటోహీమగ్లూటినిన్ అనే లెక్టిన్ చాలా ఎక్కువ. నాలుగైదు పచ్చి గింజలు చాలు, మనిషిని మంచాన పడేయడానికి. సాధారణంగా 1 నుంచి 3 గంటల్లో వాంతులు మొదలవుతాయి, కొన్ని గంటల్లో వాటంతటవే తగ్గుతాయి.

లెక్టిన్ అంటే చక్కెర అణువులను గుర్తుపట్టి పట్టుకునే ప్రొటీన్. ఇక్కడ చక్కెరంటే మీ రక్తపరీక్షలో కనిపించే షుగర్ కాదు, దీనివల్ల షుగర్ జబ్బు పెరుగుతుందన్న భయం వద్దు. మన కణాల పైపొర మీద రకరకాల చక్కెర గొలుసులుంటాయి. ఒక్కో లెక్టిన్ ఒక్కో రకం గొలుసునే పట్టుకుంటుంది. రాజ్మా లెక్టిన్ పొట్టలో అంత తేలిగ్గా అరగదు. నేరుగా పేగు గోడకు అతుక్కుని దాన్ని రేపుతుంది.

నానబెట్టారు కదా, మరెందుకు ఇలా అయిందంటారేమో. నానితే గింజ లోపలిదాకా వేడి అందుతుంది, అంతే. లెక్టిన్‌ను చంపేది బాగా మరిగించడమే. ఇంకో సంగతి, అరకొరగా వేడి చేయడం పచ్చిగా తినడం కంటే ప్రమాదం. 80 డిగ్రీల దగ్గర ఆగిపోతే విషప్రభావం ఐదు రెట్ల దాకా పెరగొచ్చని అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిస్తోంది. అమెరికాలో ఉన్న మన పిల్లలు స్లో కుక్కర్‌లో రాజ్మా పడేసి ఆఫీసుకు వెళ్లిపోతుంటారు. అందులో వేడి మరిగేదాకా రాకపోవచ్చు. మీవాళ్లెవరైనా ఉంటే ఈ మాట తప్పకుండా చెప్పండి.

కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో 30 నిమిషాలు తెర్లేలా మరిగించి, ఆపైన మెత్తబడేదాకా ఉడికించాలి. మన ప్రెషర్ కుక్కర్‌లో వేడి 100 డిగ్రీలు దాటుతుంది కాబట్టి వేళ్ల మధ్య నొక్కితే నలిగేలా ఉడికితే భయం లేదు. కంది, పెసర, సెనగ, అలసంద, ఏదైనా మనం మామూలుగా ఉడికించి తినే పద్ధతిలో ఇబ్బంది ఉండదు. టమాటా, వంకాయ వల్ల ఇలాంటి వాంతులు రావు. గోధుమ పడటం లేదని అనుమానముంటే అది గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ వల్ల వచ్చే సీలియాక్ అనే పేగు జబ్బు కావచ్చు. దానికి రక్తపరీక్ష ఉంది. గోధుమ మానేశాక చేస్తే ఆ పరీక్ష సరిగా తేలదు, తింటున్నప్పుడే చేయించుకోవాలి.

మొక్కకు ఈ ప్రొటీన్ కాపలా. గింజను కొరికే, రసం పీల్చే పురుగుల పేగులకూ ఇది అతుక్కుంటుంది. మన ఉస్మానియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు వెల్లుల్లి లెక్టిన్ జన్యువును వరిలోకి చేర్చి, సుడిదోమను తట్టుకునే మొక్కలను పరిశోధనలో తయారుచేశారు. సుడిదోమ పెట్టే బాధ మీ జిల్లా రైతులకు వేరే చెప్పాలా!

ఇక వైద్యం సంగతి. నాకు అన్నింటికంటే ఇష్టమైన ఉదాహరణ మన ఉలవలది. ఏ గ్రూపు రక్తంలో ఏ1, ఏ2 అని ఉపరకాలున్నాయి. ఉలవల్లోని లెక్టిన్ ఏ1 రకం రక్తకణాలను పట్టుకుని గుంపు కట్టిస్తుందని 1951లో జార్జ్ బర్డ్ అనే శాస్త్రవేత్త ప్రకటించారు. ఇప్పటికీ బ్లడ్ బ్యాంకుల్లో దాన్ని వాడుతున్నారు. పలుచన చేసిన రక్తకణాల చుక్క పక్కన ఉలవ లెక్టిన్ చుక్క వేసి కలుపుతారు. ఏ1 అయితే చూస్తుండగానే ఎర్రటి రవ్వలు తేలతాయి. ఏ2 అయితే చుక్క నున్నగా అలాగే ఉండిపోతుంది. ఏ2 ఉన్నవారిలో కొందరికి ఏ1కు వ్యతిరేకంగా యాంటీబాడీలుంటాయి. గ్రూప్ తేల్చడంలో తికమక వచ్చేది అక్కడే. ఉలవచారు తినే మనం ఈ సంగతి తెలుసుకుంటే బాగుంటుందని నా కోరిక.

మసూర్ పప్పు లెక్టిన్ ఆధారంగా ఏఎఫ్‌పీ-ఎల్3 అనే పరీక్ష వచ్చింది. కాలేయ క్యాన్సర్ ముప్పు ఉన్నవారిలో డాక్టర్లు దాన్ని ఇతర పరీక్షలతో కలిపి చూస్తారు. పుట్టుకతో రోగనిరోధక శక్తి లేని పిల్లలకు సగమే మ్యాచ్ అయ్యే తల్లి లేదా తండ్రి ఎముక మజ్జను ఎక్కించడానికి, అందులోని హాని చేసే టి కణాలను (ఒక రకం తెల్ల రక్తకణాలను) సోయా లెక్టిన్‌తో వేరుచేసే పద్ధతి 1980ల్లో ఎన్నో ప్రాణాలు నిలిపింది.

గమనించారా, ఇవేవీ నోటితో మింగే మందులు కావు. ల్యాబ్‌లో కొన్ని లెక్టిన్లు క్యాన్సర్ కణాలను చంపిన మాట నిజమే. కానీ క్యాన్సర్‌ను నయం చేస్తుందని రుజువైన లెక్టిన్ మాత్ర ఏదీ లేదు. ఆన్‌లైన్‌లో ఎవరు అమ్మినా కొనకండి. గురివింద గింజలు, ఆముదం గింజలు నమిలి తినమని ఎవరైనా చెబితే అసలే వినకండి. వాటిలోని అబ్రిన్, రైసిన్ కూడా లెక్టిన్లే, ప్రాణాలు తీస్తాయి. ఇంట్లో పిల్లలు వాటిని కొరికితే వాంతులయ్యేదాకా ఆగకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఇప్పుడు మీరు చేయాల్సింది: పూటకో కప్పు పప్పో, సెనగలో, పెసలో తినండి, అన్నం కొంచెం తగ్గించండి. పప్పు లేకుండా అన్నం ఎక్కువ తిన్నారు కాబట్టి పరగడుపున, తిన్న రెండు గంటలకు షుగర్ చూసుకోండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడే శాకాహారుల్లో బి12 తగ్గే అవకాశం ఎక్కువ. హిమోగ్లోబిన్‌తో పాటు అదీ చేయించండి. మళ్లీ ఎప్పుడైనా వాంతులైతే ఓఆర్‌ఎస్ కొంచెం కొంచెంగా తాగండి. ఏమీ నిలవకపోయినా, మగతగా ఉన్నా షుగర్ మందు సొంతంగా వేసుకోకుండా డాక్టర్‌ను కలవండి. రిపోర్టులు వచ్చాక మీ డాక్టర్‌కు చూపించి, బి12 తక్కువుంటే ఇంజెక్షనా, మాత్రలా అన్నది ఆయన్నే తేల్చనివ్వండి.